మూడు రోజుల పడక

ఓపికయ్య పోయి ఆరు వారాలు దాటినా రోజూ డ్యూటీకి వస్తున్నాడట. ఈ మాట మొదట అన్నది ఎదురింటి కుట్టుమిషనావిడ. ఆమెకు చెప్పింది రేవులో కంటెయినర్లకు సీళ్ళు వేసే ఆమె తమ్ముడు. మొన్న శుక్రవారం బ్యాటరీ షెడ్డు నుంచి వచ్చిన పెట్టెల మీద చీటీ చదివాడట. పరీక్షించినవారు అన్న చోట ఓపికయ్య పేరూ, ఆయన నంబరూ ఉన్నాయట. తేదీ మాత్రం అంతకు రెండు రోజుల ముందుదే. చచ్చినవాడు సంతకం పెట్టిన పెట్టెకు సీలు వేయాలంటే చెయ్యి రాలేదని, అయినా వేశానని చెప్పాడట.

కుట్టుమిషనావిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఆ మాట వీధి చివరికి పాకింది. పాకేకొద్దీ ఒళ్ళు చేసింది కూడా. చివరింటివాళ్ళకు చేరేసరికి ఓపికయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని షెడ్డు వెనక గేటులోంచి లోపలికి వెళ్ళాడు, ఆయన మీటరు కూతపెట్టడం కావలివాడు చెవులారా విన్నాడు.

మీటరమ్మ ఈ కథంతా కుళాయి దగ్గర విన్నది. ఆమె బిందె నిండి పొర్లుతోంది. నువ్వూ ఆ షెడ్డులోనే కదా, నీకెప్పుడూ కనపడలేదా అని అడిగింది కుట్టుమిషనావిడ. కనపడలేదని చెప్పి, బిందె ఎత్తుకుని, సగం నీళ్ళు చీర మీద ఒంపుకుంటూ ఇంటికి వచ్చేసింది. చెప్పింది అబద్ధమేమీ కాదు. ఓపికయ్య కనపడలేదు. ఆయన నంబరు రోజూ కంప్యూటర్లో కొడుతున్నది తనే.

ఇంట్లో మంచం మీదున్న అత్తకు ఆ కబురు అప్పటికే చేరింది. ఆమెకు కాళ్ళు పడిపోయాయిగాని చెవులు వీధంతా తిరుగుతాయి. "బాగుంది మీ షెడ్డు. చచ్చినవాడికి హాజరు. ఆ రోజు ప్రాణమ్మీదికి తెచ్చుకుని పరిగెత్తుకొచ్చినవాడికి మాత్రం గైరుహాజరు" అన్నది. షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ తోలే కొడుకు తల్లివైపు ఒకసారి చూసి చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. మీటరమ్మ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. ఈ మధ్య ఆమె చేతులు ఎక్కువగా కడుక్కుంటోంది.

*

షెడ్డులో జరిగే పని చెప్పుకోవడానికి తేలికే. సముద్రానికి అవతలి దేశాల్లో కరెంటు కార్లు ముసలివైపోతే వాటి బ్యాటరీలు ఓడలెక్కి ఇక్కడికి వస్తాయి. ఇక్కడ వాటి పొట్టకోసి, లోపలి సెల్లులు బయటికి తీసి, ఒక్కొక్కదాని నాడి చూసి, ప్రాణం మిగిలినవాటిని ఏరి కొత్త పెట్టెల్లో కూరుస్తారు. ఆ పెట్టెలు మళ్ళీ ఆ దేశాలకే పోతాయి. పగలు ఎండకూ గాలికీ పుట్టిన కరెంటును చీకటిపడ్డాక వాడుకునేందుకు వాళ్ళు వాటిలో దాచుకుంటారు.

ఇన్నేళ్ళూ ఈ పెట్టె ఎవరు చేశారు, ఎలా చేశారని అడిగినవాడు లేడు. ఈ ఏడు అక్కడ చట్టం మారింది. పెట్టెకొక పుస్తకం ఉండాలి. ఏ కారులోంచి వచ్చింది, ఎవరు విప్పారు, ఎవరు పరీక్షించారు, ఎన్ని రోజులు పడుకోబెట్టారు, అన్నీ అందులో ఎక్కించాలి. పరీక్షించేవాడు వాళ్ళు పెట్టిన పరీక్షలో నెగ్గి, వాళ్ళిచ్చిన నంబరు ఉన్నవాడై ఉండాలి. పుస్తకం లేని పెట్టె వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఒడ్డు దిగదు. వాళ్ళు విడిచిన చెప్పులే మనం కుట్టి పంపుతుంటే, ఇది ఏ కాలిదో రుజువు చూపమంటున్నారే అని ఓపికయ్య నవ్వేవాడు. నవ్వుతూనే, చట్టం మంచిదేనమ్మా, మన పని మనకు గుర్తుచేస్తోంది అనేవాడు. షెడ్డు నుంచి ముగ్గురు పరీక్షకు కూర్చుంటే నెగ్గింది ఆయనొక్కడే.

పడుకోబెట్టడమంటే, నింపిన సెల్లును చెక్క అర మీద పెట్టి మూడు రోజులపాటు ముట్టుకోకుండా వదిలెయ్యడం. లోపల దెబ్బతిన్న సెల్లు మొదటిరోజు పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంటుంది. అంకె సరిగ్గా చూపిస్తుంది. మూడోనాటికి జారిపోతుంది. "తొందరపెట్టి అడిగితే సెల్లయినా అబద్ధమే చెబుతుందమ్మా. అడక్కుండా వదిలెయ్. మూడోనాడు నిజం అదే కక్కుతుంది" అని మీటరమ్మకు పని నేర్పిననాడే చెప్పాడు ఓపికయ్య. ఆ పేరు ఆయనకు అందుకే వచ్చింది. అరలున్న గదిని పడకగది అంటారు. కొత్తగా చేరిన ఆడవాళ్ళు ఆ పేరుకు ముసిముసిగా నవ్వితే, పాతవాళ్ళు ఇంకో నాలుగు మాటలు కలిపి ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు ఆ పేరెత్తి ఎవరూ నవ్వడం లేదు.

ఆ సోమవారం మీటరమ్మ బల్ల ముందు కూర్చుని మీటరు చేతిలోకి తీసుకుంది. పసుపురంగు మీటరు. ఎర్ర తీగ మొదట్లో పగిలిన చోట నల్ల టేపు మూడు చుట్లు చుట్టి ఉంది. ఆ చుట్లు ఓపికయ్య చుట్టినవి. ఆరోజు లోపలికి వెళ్తూ మీటరు ఈ బల్ల మీదే పెట్టి వెళ్ళాడు. అందుకే అది మిగిలింది.

సెల్లును ఎడమచేత్తో ఎత్తి ముందు మణికట్టు లోపలివైపు ఆనించి చూస్తుంది, వెచ్చగా ఉందేమోనని. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. ఆ తర్వాతే తీగలు ఆనిస్తుంది. అంకె చూసి, పచ్చచీటీయో ఎర్రచీటీయో అంటించి, కంప్యూటర్లో కొడుతుంది. పరీక్షించినవారు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి వేలు ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది. నంబరులో చివరి నాలుగంకెలు ఇప్పుడు ఆమెకు కలలో కూడా వస్తాయి. పడక ఎన్ని రోజులు అన్న గడిలో మూడు అని కొడుతుంది. అర మీద ఆ సెల్లు పడుకున్నది ఒక్క రాత్రి.

గడువు దగ్గరపడుతోందని మూడు రోజుల్ని ఒక్క రాత్రి చేసింది ఇంచార్జి. ఒక అర మీద పట్టే సెల్లుల చోట రెండింతలు పేర్చారు. ఒకటి వేడెక్కితే పక్కది తప్పుకునే సందు లేదు. ఓపికయ్య ఒప్పుకోలేదు. సరే, నువ్వు నాలుగు రోజులు సెలవు తీసుకుని చల్లబడు అన్నాడు ఇంచార్జి. ఆ నాలుగు రోజుల్లో మూడోనాడు మీటరమ్మకు కింది అర దగ్గర ఏదో తియ్యటి వాసన వచ్చింది, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు. ఇంచార్జికి చెబితే, నీ ముక్కుకు చట్టం లేదు, పని చూసుకో అన్నాడు. ఆమె దొడ్డివైపు గోడ చాటుకు వెళ్ళి ఓపికయ్య ఇంటికి ఫోను చేసింది. అవతల ఎత్తారు, ఎవరూ పలకలేదు, గిన్నెలు తోముతున్న చప్పుడు, తర్వాత ఆయన గొంతు. అన్నా, ఒక్కసారి వచ్చి వాసన చూసిపో అన్నది. వస్తున్నానమ్మా అన్నాడు. అంతే. అరగంటలో వచ్చాడు, మీటరు బల్ల మీద పెట్టాడు, కింది అర ఖాళీ చేయడానికి లోపలికి వెళ్ళాడు. ఆయన లోపలుండగానే అర అంటుకుంది.

రిజిస్టరులో ఏమని రాశారంటే, సెలవులో ఉన్న మనిషి అనుమతి లేకుండా పడకగదిలోకి చొరబడ్డాడు అని.

*

మర్నాడు మధ్యాహ్నం వదిన వచ్చింది. ఓపికయ్య భార్యను మీటరమ్మ వదినా అనే పిలుస్తుంది. భోజనాల వేళ గేటు పక్కన గోడ నీడలో నిలబడి, మీటరమ్మ బయటికి వచ్చేదాకా ఎవరినీ ఏమీ అడగకుండా ఎదురుచూసింది. మనిషి సగమైంది. చేతిసంచీలో ఏవో కాగితాలు మడతలు విప్పి విప్పి అంచులు మెత్తబడ్డాయి.

"మీ అన్న రోజూ పనికొస్తున్నాడటగా" అన్నది.

మీటరమ్మ కాళ్ళకింద ఇసుకను చెప్పుతో అటూ ఇటూ నెట్టింది.

"ఇంటికి మాత్రం రావట్లేదు. భోజనం ఇక్కడే పెడుతున్నారా మరి?"

ఆ మాటలో ఏడుపూ లేదు, కోపమూ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. అలా అడిగితే జవాబు చెప్పడం మరీ కష్టం. నంబరు ఆయనదేగాని అది షెడ్డుదనీ, కొత్త నంబరు రావాలంటే మళ్ళీ పరీక్ష పెట్టాలనీ, దానికి ఆరు నెలలు పడుతుందనీ మీటరమ్మ ఏదో నసిగింది. వదిన అంతా విన్నది. తర్వాత కాగితాల్లోంచి ఒకటి తీసి ఒక వరుస మీద వేలు పెట్టింది. చొరబడ్డాడు అన్న మాట మీద.

పదకొండేళ్ళు ఆ గదిలో పనిచేసిన మనిషి. దొంగలు చొరబడతారు, కుక్కలు చొరబడతాయి. ఈ మాట తీసెయ్యమని ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగానని చెప్పింది. ఆ మాట ఉన్నంతకాలం ఆయన పనిలో పోయినట్టు కాదట. పనిలో పోలేదు గనక నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యాలట. పనికి పిలిస్తేనే వెళ్ళాడయ్యా అంటే, ఎవరు పిలిచారో ఆ మనిషిని వచ్చి చెప్పమను, చాలు అన్నారట.

"ఒక్క మాట చాలట" అని మీటరమ్మ మొహంలోకి చూసింది వదిన. "ఎవరు పిలిచుంటారంటావు?"

గోడ అవతల ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తూ పీపీమంటోంది. దాన్ని తోలుతున్నది తన మొగుడే. ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది మీటరమ్మ.

"నాకు తెలీదు వదినా" అన్నది.

వదిన తలాడించింది. కాగితం మడతల వెంబడే మడిచి సంచీలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, ఎండలో నిలబడకు, లోపలికి పో అన్నది.

ఆ మధ్యాహ్నం మీటరమ్మ ముప్ఫై ఆరు సెల్లులకు చీటీలు అంటించింది. వాటిలో రెండింటికి పచ్చచీటీ అంటించానో ఎర్రచీటీ అంటించానో గుర్తురాక మళ్ళీ లేచి వెళ్ళి చూసుకుంది. సాయంత్రం తీగలు మేకుకు తగిలించి ఇంటికి వచ్చింది. మీటరు ఆపడం మరిచిపోయింది. తెల్లారి వెళ్ళేసరికి తీగల మొనలు రెండూ ఒకదానికొకటి తగిలి, ఖాళీ గదిలో మీటరు సన్నగా కూతపెడుతోంది. కావలివాడు గుమ్మం బయటే నిలబడి, నేను చెప్పలా అన్నాడు. ఆమె వెళ్ళి తీగలు విడదీసింది. కూత ఆగింది. తీగలను అలా జంటగా వేలాడదీసే అలవాటు ఓపికయ్యది. ఎప్పుడు తనకంటిందో ఆమెకు తెలియలేదు.

*

గురువారం అవతలి దేశం నుంచి ఆడిటరు వస్తోంది. బుధవారమంతా షెడ్డులో పెళ్ళివారి హడావిడి. పొగపట్టిన పడకగది గోడకు సున్నం మూడోసారి కొట్టారు. మూడుసార్లు కొట్టినా కింది అర ఉన్నచోట మసి మరక అలాగే తేలుతోంది. ఆ చోట ఒక ఖాళీ బీరువా తెచ్చి అడ్డం పెట్టారు. అరల మీద సగం సెల్లులు తీసి లారీలో దాచారు. మిగిలినవాటి మధ్య జానెడు జానెడు సందు వదిలి, మూడు రోజుల కిందటి తేదీలు వేసిన చీటీలు కట్టారు. ఆ తేదీలు రాసింది కూడా మీటరమ్మే. ఆమె దస్తూరీ గుండ్రంగా ఉంటుంది.

షెడ్డు యజమాని పెద్దసారు స్వయంగా దిగాడు. మనిషి చెడ్డవాడనడానికి లేదు. పిల్లల బాగోగులు అడిగాడు, అత్త ఎలా ఉందని అడిగాడు. ఇంచార్జిని పక్కకు పంపి, ఓపికయ్య నాకు తమ్ముడిలాంటివాడని అన్నాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ ఒక్క సరుకు ఒడ్డు దిగనిమ్మన్నాడు. దిగిన మర్నాడే రిజిస్టరులో ఆ చొరబడ్డాడన్న మాట తన చేత్తోనే కొట్టేస్తానన్నాడు. రేపు ఆడిటరు ఓపికయ్య ఎక్కడని అడిగితే సెలవులో ఉన్నాడని చెబితే చాలు. ఈ సరుకు తిరిగొస్తే నలభై ఇళ్ళు రోడ్డున పడతాయి, నువ్వు లెక్కపెట్టుకో అన్నాడు. మీటరమ్మ లెక్కపెట్టింది. మొదటి ఇల్లు తనది.

అన్నం తినేటప్పుడు మొగుడు నెమ్మదిగా చెప్పాడు. పోయినవాడు ఎలాగూ రాడు. ఆ మాట రేపు కొట్టేస్తే ఏం, పదిరోజులాగి కొట్టేస్తే ఏం? అతను కంచంలోకే చూస్తూ చెప్పాడు. ఫోను చేసిన సంగతి అతనికి తెలియదు. ఎవరికీ తెలియదు. చెప్పడానికి ఆమె రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ నీళ్ళు తాగింది. మంచం మీంచి అత్త, ఆ పిల్ల గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది, వీపు తట్టరా అన్నది.

గురువారం పొద్దున్నే ఆడిటరు వచ్చింది. నడివయసు మనిషి, గట్టి బూట్లు, చేతిలో పలకలాంటి కంప్యూటరు. వెంట ఒక దుబాసీ. మీటరమ్మ ఊహించుకున్నట్టు ఆమె పులీ కాదు, దేవతా కాదు. పని తెలిసిన మనిషి. సెల్లు ఎత్తగానే తనూ మణికట్టుకు ఆనించి చూసింది. అది చూసి మీటరమ్మ బల్ల ముందు నుంచి లేచి నిలబడింది. అలా చూసేవాణ్ణి ఒక్కణ్ణే ఎరుగును తను.

పుస్తకాలు తిరగేస్తూ ఆడిటరు ఏదో అన్నది. ఈ నంబరు మనిషి పరీక్షించిన పెట్టె ఒక్కటీ ఇంతవరకు వెనక్కి రాలేదంటున్నారు, ఇలాంటి చెయ్యి తాను చూడలేదంటున్నారు, ఆయన్ని కలవాలట అని చెప్పాడు దుబాసీ. ఇంచార్జి చేతులు కట్టుకుని, అయ్యో, సెలవులో ఉన్నాడండీ, చాలా రోజుల తర్వాత పెట్టాడు అన్నాడు. ఆడిటరు పలక మీద రాసుకుంది. పెద్దసారు ఊపిరి వదిలాడు.

అప్పుడే కావలివాడు గుమ్మంలోకి వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. అతని వెనకే వదిన. చేతిలో మూడు గిన్నెల కేరేజీ. ఉతికిన చీర కట్టుకుంది. ఎవరూ పిలవకుండానే రెండడుగులు లోపలికి వేసింది.

"ఆయన డ్యూటీలో ఉన్నాడటగా. భోజనం తెచ్చాను" అన్నది.

విషయం తెలియని దుబాసీ ఆ మాటను హాయిగా తర్జుమా చేశాడు. ఆడిటరు మొహం వికసించింది. మరి సెలవన్నారే అని అడిగింది. ఇంచార్జి ఒక్క క్షణం తడబడ్డాడు. ఆలోచనకన్నా నాలుక ముందుపడే రకం.

"సెలవేనండీ. అయినా ఆగడు. సెలవు రోజున కూడా ఏదైనా తేడా ఉందంటే పరిగెత్తుకొచ్చి చూసుకునే మనిషి" అన్నాడు.

వదిన అతనివైపు చూసింది. ఆఫీసుకు ఆమె నాలుగుసార్లు తిరిగింది సరిగ్గా ఆ ముక్క కోసమే. ఆడిటరు అది కూడా రాసుకుంది. అయితే ఇక్కడే ఉన్నాడన్నమాట, ఎక్కడ అని చుట్టూ చూసింది. పడకగది తలుపులోంచి సున్నం కొట్టిన గోడ, అడ్డం పెట్టిన బీరువా, జానెడేసి దూరాన పడుకున్న సెల్లులు కనపడుతున్నాయి. ఇంచార్జి చటుక్కున మీటరమ్మ వైపు తిరిగాడు. చెప్పమ్మా, ఇందాకే కదా ఉన్నాడు, ఎటెళ్ళాడు అన్నాడు. గొంతులో తేనె, కళ్ళల్లో సూదులు.

గుమ్మం అవతల ఫోర్క్‌లిఫ్ట్ ఆగి ఉంది. దాని మీద మొగుడు తల అడ్డంగా ఆడిస్తున్నాడు. మీటరమ్మ చేతిలోని మీటరు బల్ల మీద పెట్టింది. ఎర్ర తీగా నల్ల తీగా ఒకదానికొకటి తగలకుండా విడదీసి పెట్టింది.

"పడకగదిలోకి వెళ్ళాడు" అన్నది. "మళ్ళీ బయటికి రాలేదు. ఏడో వారం నడుస్తోంది. ఆ నంబరు కొడుతున్నది నేను. మూడు రోజులని రాసినవన్నీ ఒక్క రాత్రివే."

దుబాసీ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆడిటరు అతని మొహంలోకీ, మీటరమ్మ మొహంలోకీ మార్చి మార్చి చూస్తోంది. పెద్దసారు కళ్ళద్దాలు తీశాడు, ఈసారి తుడవలేదు. మీటరమ్మ కంటికి వాళ్ళెవరూ ఆనడం లేదు. వదిన వైపు తిరిగింది.

"ఆరోజు సెలవులో ఉన్నవాణ్ణి రమ్మని పిలిచింది నేనే వదినా."

వదిన కేరేజీ తెచ్చి బల్ల మీద, మీటరు పక్కన పెట్టింది. పెట్టి, దాని పిడి సరిచేసింది.

"తెలుసు. ఆ ఫోను ఎత్తి ఆయన చేతికిచ్చింది నేనే."